రివ్యూ సారు చెక్కుబందీలు

అనంతపురంలో ఇప్పుడు పేటకొకడు తేలతాడు ఈ జాతివాడు. కరోనా ఏట బెంగళూరు నుంచి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి, కంపెనీ ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కకుండా అమ్మ చేతి ఉగ్గాని దగ్గరే పాతుకుపోయిన ఇంజనీరు. వీళ్లలో జావా రాసేవాళ్లు, టెస్టింగు చేసేవాళ్లు కొల్లలు. అరుదైన రకం ఇంకొకటుంది. హైపర్‌వైజర్‌లో హైపర్‌కాల్‌ల కోడు మీద ఇతరులు చేసిన మార్పులను చదివి, ఒప్పుకోననే రకం. ఆయన్ని రివ్యూ సారు అందాం.

చుట్టాలకు ఈ ఉద్యోగం అంతుబట్టదు. "రాసేది వేరేవాళ్లు, నువ్వు చదివి బాగలేదంటావు. దానికి జీతమా? ఆ పని మా అత్త నలభై ఏండ్లు ఊరికే చేసింది గదప్పా" అంటుంది పెద్దమ్మ. పెండ్లిళ్లలో ఇంకో తంటా. యల్లనూరు మండలం బుక్కాపురం సత్య నాదెళ్ల పూర్వీకుల ఊరని జిల్లాలో అందరికీ తెలుసు. "అయితే మన నాదెళ్ల దగ్గరేనా?" అని అడుగుతారు. సారు అబద్ధమాడలేడు. మైక్రోసాఫ్ట్ అజూర్ నడిచేది హైపర్-వీ మీద, తను చూసేది కేవీఎం, జెన్ అనే వేరే హైపర్‌వైజర్లని చెప్పడం మొదలుపెడతాడు. అడిగినాయన అప్పటికే పంక్తిలో ఓళిగ తట్టు తిరిగి ఉంటాడు.

ఆ పని ఏమిటో కుటుంబం మొత్తంలో పట్టుకున్నది ఒక్కడే, రెవిన్యూలో చేసి రిటైరైన మేనమామ. ఒకే యంత్రం మీద అనేక వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయనీ, ప్రతి ఒక్కటీ యంత్రమంతా తన సొంతమే అనుకుంటుందనీ, అసలు యజమాని హైపర్‌వైజర్ అనీ, గెస్ట్ అనబడే ఆ మెషీను యజమానికి పెట్టుకునే విన్నపమే హైపర్‌కాల్ అనీ సారు వివరించాడు.

"అంటే తాసిల్దారాఫీసు కిటికీ" అన్నాడు మామ.

"అదే మామా. కేవీఎంలో అయితే ఏం పని కావాల్నో దాని నంబరు ఆర్‌ఏఎక్స్ అనే రిజిస్టర్లో పెట్టాల. జతపరిచే కాగితాలు నాలుగు, వాటికి ఇంగ నాలుగు రిజిస్టర్లు. జవాబు మళ్ల ఆర్‌ఏఎక్స్‌లోనే వస్తాది."

"ఎవురు పడితే వాళ్లు రావచ్చునా?"

"గెస్ట్‌లో కెర్నల్ ఒగటే రావాల. మామూలు ప్రోగ్రాము వస్తే అనుమతి లేదని తిప్పి పంపిస్తాం."

"సరే. నువ్వు కాగితాలు చూసినంక వాడు వాటిని మార్చేస్తే?"

సారు కుర్చీలోంచి లేచాడు. కంపెనీలో సీనియర్ ఇంజనీర్లకు కూడా మూడో మీటింగుకు గానీ తట్టని ప్రశ్న ఇది. గెస్ట్ తన మెమరీలో పెట్టిన విలువను హైపర్‌వైజర్ ఒకసారి చదివి, సక్రమంగానే ఉందని తేల్చుకుని, పని చేసేటప్పుడు మళ్లీ అక్కడి నుంచే చదివిందనుకోండి. ఆ రెండు చూపుల సందులో గెస్ట్ తాలూకు ఇంకో ప్రాసెసర్ ఆ విలువను మార్చేయగలదు. డబుల్ ఫెచ్ అంటారు దీన్ని.

"మా కాలంలో ఒగటే పద్ధతి" అన్నాడు మామ. "ఒరిజినల్ చూసుకోవాల, జిరాక్స్ మన ఫైల్లో పెట్టుకోవాల, ఆపైన పనంతా జిరాక్స్ మీదనే."

"కాదు మామా. చూసి తీస్తే మధ్యలో సందు మిగుల్తాది. ముందు జిరాక్స్ తీసుకోవాల. చూసేది గూడ దాన్నే."

ముప్పై ఏళ్ల రెవిన్యూ అనుభవానికి అలా ఒక రివ్యూ కామెంటు పడింది. మామ కాసేపు ఆలోచించి, పాత ఫైళ్లు కొన్ని గుర్తొచ్చాయో ఏమో, మాట మార్చాడు.

ఇంత అనుమానం ఊరికే పుట్టలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టి, 2003లో ఒక పరిశోధనా పత్రంతో పేరు తెచ్చుకున్న హైపర్‌వైజర్ జెన్. గెస్ట్ తన మెమరీ పేజీలను మార్పిడి చేసుకోవడానికి అందులో ఒక హైపర్‌కాల్ ఉంది. 2012 డిసెంబరులో అందులో లోపం బయటపడితే దిద్దారు. ఆ దిద్దుబాటులో పెట్టిన తనిఖీ చాలలేదు. 'ఇప్పటికి ఇన్ని మార్చేశాను' అనే లెక్కను కూడా గెస్టే చెబుతుంది. హైపర్‌వైజర్ ఆ లెక్కను పట్టుకుని అంత దూరం వెళ్లి ఫలితం రాస్తుంది. లెక్కను కొండంత చేసి చెబితే ఆ రాత హైపర్‌వైజర్ సొంత మెమరీలోనే పడుతుంది. గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే యాన్ హార్న్ దీన్ని పట్టుకున్నాడు. 2017 ఏప్రిల్‌లో జెన్ భద్రతా ప్రకటన 212గా వెలువడింది. నాలుగేళ్లకు పైగా ఆ కోడును చదివినవాళ్లు తక్కువేం కాదు. అక్కడ వాడిన కాపీ ఫంక్షన్ల పేర్లకు ముందు రెండు అండర్‌స్కోర్లు ఉంటాయి. తనిఖీ ముందే అయిపోయింది, నేను మళ్లీ చూడను అని ఆ రెండు గీతలకు అర్థం. అప్పటి నుంచి సారుకు జంట గీతలు కనబడితే నిద్ర పట్టదు. శీర్షికలో 'ఫిక్స్' అని ఉన్న ప్యాచ్ వస్తే మాత్రం తలుపు గడియ పెట్టుకుని చదువుతాడు.

కేవీఎం వాళ్లేమీ మినహాయింపు కాదు. ఒక ప్రాసెసర్ ఇతర ప్రాసెసర్లను తట్టిలేపే సందేశాలను విడివిడిగా కాక, 64 బిట్ గెస్ట్‌లో ఒక్క దెబ్బకు 128 గమ్యాల దాకా పంపేలా 2018లో కొత్త హైపర్‌కాల్ చేర్చారు. ఆలోచన చక్కనిది, వేగం పెరిగింది. గమ్యాల లెక్క ఎక్కడ మొదలవాలో చెప్పే సంఖ్యకు మాత్రం పైన హద్దు పెట్టడం మరిచారు. హద్దు పెట్టారో లేదో, గమ్యాల పట్టిక ఇంకా తయారు కాకముందే ఎవరైనా పిలిస్తే కెర్నల్ కుప్పకూలుతుందని అదే ఏడాది తేలింది. సారు ఈ కథ చెప్పేటప్పుడు గొంతులో విచారం ధ్వనించాలి గానీ, నిజానికి ధ్వనించేది సంతృప్తి.

ఆయన అత్యంత ఇష్టంగా చెప్పే కేసు వేరు. ఆడవాళ్లు లేనప్పుడే చెబుతాడు. హైపర్-వీలో గెస్ట్ హైపర్‌కాల్‌లు చేసే ముందు తన గుర్తింపు సంఖ్య ప్రకటించుకోవాలి. మైక్రోసాఫ్ట్ తరఫున లైనక్స్‌లో చేరిన కోడులో ఆ సంఖ్యను పదహారు ఆధారంగా గల లెక్కలో రాశారు. అందులో అంకెలతోపాటు అక్షరాలూ వస్తాయి కదా. ఎవడో కుర్రతనంతో, స్త్రీ వక్షోజాల మీద ఒక చవకబారు మాట చదివించేలా దాన్ని కూర్చాడు. 2012 జూలైలో అది బయటపడి, కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. దిద్దుబాటుగా వచ్చిన మొదటి ప్యాచ్ ఏం చేసింది? అదే సంఖ్యను మామూలు దశాంశంలో రాసింది: 2976579765. విలువ అణువంతైనా మారలేదు. "మీసం గీకించుకుని అదే దొంగ మళ్ల వచ్చినాడు" అంటాడు సారు.

ఈ చూపు కంప్యూటరు మూసినా మూసుకోదు. నీళ్ల ట్యాంకరు వస్తే కర్ర ముంచి లోతు చూస్తాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూపించే పెద్దాయన్ను, ఇంతకు ముందు చూపినవాటిలో ఎన్నింటికి నీళ్లు పడలేదో లెక్క రాసి పెట్టావా అని అడిగాడు. బెంగళూరులో ఇలాంటి మనిషిని నెగటివ్ అనేవారు. అనంతపురంలో జాగ్రత్తపరుడంటారు. అందులో న్యాయముంది. రెండు రుతుపవనాలూ మొహం చాటేసే జిల్లా ఇది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ చెప్పిన వేళకు రాదు. జూన్ జల్లు చూసి చెనక్కాయ విత్తనం వేసి, ఆగస్టు దాకా ఆకాశం చూసినవాళ్ల బిడ్డ సారు. మబ్బులో నీళ్లు చూసి ముంత వొలకబోసుకోకూడదని ఈ నేల మీద ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. వచ్చిన ప్రతి విలువనూ అబద్ధం అనుకునే చదవాలన్న సూత్రం ఆయనకు కంపెనీ శిక్షణలో కొత్తగా ఎక్కిందేమీ కాదు.

పాపం ఆ ప్యాచ్‌లు రాసే కుర్రవాళ్లు! అందులో ఒకడు, సారులాగే, ఇక్కడి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలోనే చదివాడు. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురానికి తరలివచ్చిన కాలేజీ అది. ఒకే కాలేజీ కదా, కాస్త చూసీచూడనట్టు పోతాడని కుర్రవాడి ఆశ. ఆరో విడత ప్యాచ్ పంపి ఫోను చేశాడు.

"అన్నా, ఈసారి ఓకేనా?"

"32 బిట్ గెస్ట్ పిలిస్తే పై సగం బిట్లు కత్తిరిస్తాండావా?"

"కత్తిరించినా అన్నా."

"తనిఖీకి ముందా, తర్వాతనా?"

అటువైపు నిశ్శబ్దం. ఏడో విడత మరునాడు వచ్చింది. సారు 'అభ్యంతరం లేదు' అని రాశాడు. ఆయన నిఘంటువులో దానికి మించిన పొగడ్త లేదు. కుర్రవాడు ఆ రెండు మాటలనూ స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపుకున్నాడట.

మొన్నామధ్య మామ చిన్న ఇంటి స్థలం కొన్నాడు. సాక్షి సంతకానికి సారును రిజిస్ట్రారాఫీసుకు తీసుకుపోయాడు, అదే పొరపాటు. సంతకం పెట్టమని పెన్ను చేతికిస్తే సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దస్తావేజు మొదటి పేజీ నుంచి అందుకున్నాడు. ఈసీలో సర్వే నంబరు, దస్తావేజులో సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్లో సర్వే నంబరు, మూడూ పక్కపక్కన పెట్టి చదివాడు. దస్తావేజు లేఖరి గోడ గడియారం చూశాడు, తర్వాత టిఫిన్ డబ్బా చూశాడు.

"సారూ, చెక్కుబందీలు నేనే రాసినా. ఇరవై ఏండ్లుగా రాస్తాండా" అన్నాడు విసుగ్గా.

"తూర్పున రస్తా అని రాసినారు. ప్లానులో రస్తా పడమట ఉండాది."

లేఖరి ప్లాను లాక్కుని చూశాడు. తిప్పి చూశాడు. మాట్లాడకుండా కుర్చీ జరుపుకుని మళ్లీ టైపు కొట్టడం మొదలుపెట్టాడు. మామ మీసం సవరించుకున్నాడు. వెనకాల బెంచీ మీద ధర్మవరం నుంచి వచ్చిన ముసలాయన ఒకడు ఇదంతా గమనిస్తున్నాడు. మెల్లగా లేచి వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి తన కాగితాలు తీసి సారు ఒళ్లో పెట్టాడు.

"మాది గూడ ఒగసారి చూడు నాయనా."

ఆయన వెనక ఇంకో నలుగురు అప్పటికే వరస కట్టారు.