తరుగు పోను ఆరోగ్యం

కంపెనీలు ఉద్యోగులకిచ్చే ఆరోగ్య బీమాలో వేటికి డబ్బు రాదో మనకు తెలియంది కాదు. లావు తగ్గే ఆపరేషన్, సంతానం కోసం వైద్యం, అందానికి కోత: వీటన్నిటికీ 2019లో బీమా నియంత్రణ సంస్థ ఒకే భాష కుదిర్చి, తలా ఒక కోడు నంబరు తగిలించింది. కళ్లద్దాలు తీసేయించే లేజరుకు పవరు 7.5 కన్నా తక్కువుంటే పైసా రాదు. పవరు 7 ఉన్నాయన గడియారం కోసం గోడంతా తడుముకుంటున్నా, ఇంకో అర పాయింటు గుడ్డితనం సంపాదించుకుని రావాల్సిందే. సరే, గీత ఎక్కడో ఒకచోట గీయాలి, ఒప్పుకుందాం. కొన్నాళ్లుగా నన్ను తొలుస్తున్నది అది కాదు, గ్లౌజులు.

బీమావాళ్లు చెల్లించని వస్తువులని 68 పేర్ల జాబితా ఒకటుంది. టీవీ, లాండ్రీ, బ్యూటీ సర్వీసు అందులో ఉన్నాయంటే న్యాయమే. వాటి సరసనే గ్లౌజులు, ఆక్సిజన్ మాస్కు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు కూడా కూర్చున్నాయి. అంటే ఆపరేషన్‌కు డబ్బిస్తారు, ఆపరేషన్ చేసే చేతికి తొడుగు మాత్రం సర్జన్‌గారి సోకు. ఈసీజీకి ఇస్తారు గానీ ఒంటికి అంటించే బిళ్లలకు ఇవ్వరు; మిషన్ గుండెను దూరం నుంచే చూసి, మర్యాదగా గీతలు గీసుకోవాలి. ఆక్సిజన్ ఇస్తారు, మాస్కు ఇవ్వరు, దోసిలి పట్టాలేమో. కిడ్నీ ట్రే అని ఇంకొకటుంది. పేరు విని బెదరకండి, ఆ ఆకారంలో ఉండే గిన్నె, అంతే. పేషెంటుకు వాంతయితే కింద పట్టడానికి పనికొస్తుంది. వాంతి ఆపే సూది అవసరమట, వాంతి పట్టే గిన్నె విలాసమట.

ఆసుపత్రులు పది వేళ్లున్న డాక్టరుకు యాభై జతల గ్లౌజులు రాస్తాయి, అందుకే కొట్టేశామంటారు బీమావాళ్లు. రాస్తాయి, నిజమే. అయితే దూదినీ సర్జికల్ బ్లేడునూ ఇంకో జాబితాలో ఆపరేషన్ ఛార్జీలోనే కలిపేశారు కదా, విడిగా బిల్లు వేయకుండా. బ్లేడు ఆపరేషన్‌లో భాగమై, దాన్ని పట్టుకున్న చెయ్యి కాకుండా ఎట్లా పోతుంది? ఇక రెండో జవాబు: అదనపు ప్రీమియం కట్టి, వీటికీ డబ్బొచ్చే రైడర్ తీసుకోవచ్చని. పాలసీని ఎంచేది కంపెనీ, బిల్లు కట్టేది ఉద్యోగి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తరుగెంతో మజూరీ ఎంతో ముందే చెప్తారు. ఇక్కడ తరుగు సంగతి డిశ్చార్జి నాడే తెలుస్తుంది.

పెద్ద జబ్బొస్తే జమ్మలమడుగు వాళ్లయినా పులివెందుల వాళ్లయినా కడపతో ఆగరు. తిరుపతి, వేలూరు, బెంగళూరు పట్టుకోవాలి. వెంట వెళ్లినవాళ్ల లాడ్జి, తిండి, బండి బాడుగ మామూలు పాలసీలకు పట్టవు. ఆ 68 పేర్ల జాబితాలో మార్చురీ ఛార్జీలు, నడిచేందుకు ఊతకర్ర పక్కపక్కనే ఉన్నాయి. మనిషి ఏ దారిన బయటికొచ్చినా ఖర్చు ఇంటివాళ్లదే. ఇక్కడ నవ్వు రాలేదు నాకు.

గ్లౌజులకూ డబ్బివ్వమనడం అసాధ్యమైన కోరికేం కాదు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టిన డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. అందులో ప్యాకేజీ అంటే ప్యాకేజీనే. గ్లౌజులు, పేషెంటు భోజనం, ఇంటికి చేరే బస్సు ఛార్జీతో సహా. ప్రభుత్వం బకాయి పడితే ఆసుపత్రులు ఆ కార్డు చూసి మొహం చాటేస్తాయన్నది వేరే రోదన. లెక్క మాత్రం సరైనది. పాలసీ రెన్యువల్ వేళ ఉద్యోగులు కవరేజి మూడు లక్షలది ఐదు లక్షలు చేయమని అడుగుతుంటారు. దానికన్నా ముందు ఈ 68లో ఓ ఇరవై పేర్లు కొట్టించుకోవాలి. ఐదు లక్షల పాలసీలోనూ గ్లౌజులకు సున్నానే.