అమెరికా వీసా బులెటిన్ రాసే పెద్దసారుకు బహిరంగ లేఖ

అయ్యా,

మాది నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం కందకుర్తి. మహారాష్ట్ర దాటి వచ్చిన గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది మా ఊళ్లోనే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ ఇక్కడే. నది కదా, తనిష్టమొచ్చినప్పుడు వస్తుందనుకునేరు. ఎగువన బాబ్లీ బ్యారేజీ ఉంది. సుప్రీంకోర్టు 2013లో తీర్పు ఇచ్చింది కాబట్టి ఏటా జూలై 1న గేట్లు ఎత్తుతారు, అక్టోబర్ 28 దాకా దించరు. పుష్కరాలకూ అంతే. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. గురుడు సింహరాశిలోకి ఎప్పుడొస్తాడో మా అయ్యగారు ముందే చెప్తాడు. మీ బులెటిన్‌లో తేదీ ఏ గ్రహాన్ని బట్టి కదులుతుందో ఆయనకూ అంతుపట్టడం లేదు.

మా అక్క అమెరికా పౌరురాలయ్యాక, తమ్ముణ్నైన నన్ను పిలిపించుకుంటానని 2008లో దరఖాస్తు పెట్టింది. మీరు ఎఫ్-4 అంటారు, మేము తోడబుట్టినవాళ్ల కోటా అంటాం. అప్పటినుంచి నెలనెలా మీ బులెటిన్‌ను పంచాంగం కన్నా భక్తిగా చూస్తున్నాను. 2015 చివర్లో ఇండియా గడిలో 2003 ఉండేది, అంటే అప్పటి దరఖాస్తులకే వీసా వంతు వచ్చిందన్నమాట. 2025 చివర్లో చూస్తే 2006 ఉంది. పదేళ్లలో మీ తేదీ నాలుగేళ్లు కూడా నడవలేదు. వంతెన కాడ చాయ్ తాగుతుంటే "ఏమైందిర నీ అమెరికా?" అని అడిగేటోళ్లకు "ఇంకా రెండేళ్లే" అంటున్నాను. అందులో అబద్ధం లేదు. ఆ రెండేళ్లు గడవడానికి ఎన్నేళ్లు పడుతుందని మాత్రం వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

కోపం లేదు సారూ. మీ లెక్క చదువుకున్నాను. మా కోటాకు ఏటా 65 వేల వీసాలు, భార్యాపిల్లలూ అందులోనే. కుటుంబం, ఉద్యోగం కోటాలు కలిపి ఏ దేశానికైనా ఏడు శాతమే. 140 కోట్ల మందిమి ఉన్న మాకూ అంతే, నాలుగు లక్షలు కూడా లేని ఐస్‌లాండ్‌కూ అంతే. ఇంతకంటే సమానత్వం ఎక్కడుంటుంది! ప్రపంచమంతా కలిపి ఈ వరుసలో 20 లక్షల మందికి పైనే ఉన్నారు. దాన్ని 65 వేలతో భాగించమంటే మా బడిపిల్లలు ముప్పై పైచిలుకని చెప్పేస్తారు.

పోనీ మావాళ్ల లాగా గాంధీగిరి చేద్దామా అనుకున్నాను. 2007 జూలైలో ఉద్యోగాల కోటా దరఖాస్తులు తీసుకుంటామని చెప్పి, మాట మార్చారని, ఇండియావాళ్లు మీ వలస కార్యాలయానికి వందల పూలగుత్తులు పంపారు. గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి పంపేశారట వాటిని. అయినా వారం తిరిగేసరికి దరఖాస్తులు తీసుకోక తప్పలేదు. మా దగ్గర బంతిపూలకు కొదవలేదు, పార్సెల్ ఖర్చే భయపెడుతోంది.

ఓపిక గురించి మా బోధన్ చుట్టుపక్కల వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికకూ వింటూనే ఉన్నాం. కానీ చెరుకు పండించినవాడికి ఒకటి తెలుసు. కటింగ్ ఆర్డర్ ఆలస్యమైతే రైతు ఆగుతాడు గానీ చెరుకు ఆగదు. గడ ఎండుతుంది, తూకం పడిపోతుంది. మా చిన్నోడి సంగతి ఇప్పుడదే. దరఖాస్తు నాటికి వాడు గోడ పట్టుకొని నడిచేవాడు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఇరవై ఒకటి నిండితే నా ఫైలులోంచి వాడి పేరు పోతుంది.

ఇలాంటి పిల్లల కోసమే మీ అమెరికా కాంగ్రెసు 2002లో ఒక చట్టం చేసింది. దరఖాస్తు మంజూరు కాకుండా ఎన్నాళ్లు పడి ఉంటే, అన్నాళ్లు పిల్లల వయసులోంచి తీసేస్తారు. మంజూరయ్యాక వరుసలో నిలబడ్డ ఏళ్లు మాత్రం తీసెయ్యరు. అంటే ఫైలు మీద గుమాస్తా ఎంత నిద్రపోతే పిల్లలకు అంత లాభం! మా ఫైలు తొందరగా మంజూరైంది. ఆ రోజు ఊరంతా మిఠాయిలు పంచాం.

చట్టం మీ చేతిలో లేదని నాకు తెలుసు. ఈ లేఖను మీ కాంగ్రెసు పెద్దలకు పంపండి. వరుసలో గడిచిన ఏళ్లను కూడా పిల్లల వయసులోంచి తీసెయ్యమని చెప్పండి. నా వీసా ఎప్పుడిచ్చినా సరే, ఇచ్చిననాడు మా చిన్నోడి పేరు అందులో ఉండేలా చూడండి.

ఇట్లు,
2008 నాటి దరఖాస్తులోని తమ్ముడు,
కందకుర్తి