దిద్దే చెయ్యి ఎవరిదప్పా?

మా రోజుల్లో ఎఫ్‌ఐఆర్ నకలు కావాలంటే స్టేషన్ రైటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. హిందూపురంలో వకీలు గుమాస్తాగా ఆ నిలబడే పని నాదే. తీరా చేతికొచ్చేది కార్బన్ పేపర్ కింది మూడో కాపీ. ముద్దాయి తండ్రి పేరు అలుక్కుపోయి ఉండేది. దాన్ని నేనేం పొగడను. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. ఇప్పుడు మా మనవడు కూర్చున్న చోటు నుంచే తీసిస్తాడు.

నా కడుపుమంట వేరే. పెనుకొండ కోర్టులో కేసు కొట్టేస్తే తీర్పు నకలు పట్టుకుని స్టేషనుకు పోయేవాణ్ణి. రైటర్ గొణుక్కుంటూనే క్రైమ్ రిజిస్టర్ తీసి, ఆ నంబరు ఎదురుగా ఎర్ర సిరాతో 'అక్విటల్' అని రాసి పొట్టి సంతకం పెట్టేవాడు. రాయకపోతే సీఐ దగ్గర పంచాయితీ.

ఇప్పుడో? 2009లో కేంద్రం పోలీసు స్టేషన్లన్నిటినీ కంప్యూటర్లతో కలుపుతామని 2,000 కోట్లతో సీసీటీఎన్‌ఎస్ అంది. తర్వాత పోలీసు, కోర్టు, జైలు, ప్రాసిక్యూషన్, ఫోరెన్సిక్ ల్యాబ్ అన్నిటినీ కలిపి ఐసీజేఎస్ అంది. 2022లో దాని రెండో దశకు 3,375 కోట్లు. డబ్బూ సాఫ్ట్‌వేరూ ఢిల్లీవి. పోలీసు, జైళ్లు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానివి. కోర్టు కంప్యూటరు హైకోర్టు మాట వింటుంది. పైన చీఫ్ సెక్రటరీ కమిటీ, కింద డీజీపీ కమిటీ. కమిటీలకేం కొదవ!

ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి పిల్లోడు ఒకడున్నాడు. జాతరలో జరిగిన కొట్లాట కేసులో ఎప్పుడో నిర్దోషిగా బయటపడ్డాడు. కంపెనీలో ఉద్యోగం వస్తే పోలీసు వెరిఫికేషన్‌లో ఆ కేసే అడ్డం తగిలింది. స్టేషన్లో "కోర్టు నుంచి అప్‌డేట్ రాలేదు" అన్నారు. కోర్టులో "మా దాంట్లో డిస్పోజ్డ్ అనే ఉంది, చూసుకో" అన్నారు. నిజంగానే ఉంది! స్టేషనుది ఎఫ్‌ఐఆర్ నంబరు, కోర్టుది సీసీ నంబరు, దాని మీద 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు. వీటిని ఒకదానికొకటి ముడెయ్యకపోతే రెండు కంప్యూటర్లకూ అది ఒకే కేసని తెలిసేదెట్లా? పైగా కేసునాటికి మనది అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఎక్కడ వెతకాలో కూడా తెలీదు వాడికి.

అప్పట్లో కర్ణాటక గౌరీబిదనూరులో దొంగతనం చేసినోడు హిందూపురంలో దాక్కుంటే, కబురు మోసుకొచ్చేది రైలెక్కి వచ్చిన కానిస్టేబులే. చేతిలో ఫొటో, జేబులో కన్నడంలో రాసిన చీటీ. ఇప్పుడు వేలిముద్ర ఒకటి దొరికితే దేశమంతా గాలిస్తారు. దొంగను పట్టడానికి అంత పరుగెత్తే సమాచారం, వీడు నిర్దోషి అని చెప్పాల్సొస్తే మాత్రం కోర్టు గేటు దాటదు. ఆ గేటు దాటించే పని ఎవరిదో రాష్ట్రం తేల్చాలి. తేల్చి, ఆ అధికారి హోదా, ఫోన్ నంబరు ప్రతి స్టేషను గోడ మీదా రాయించాలి.

పిల్లోడికి అర్జీ రాసిపెట్టడానికి నేను ఇప్పటికీ సిద్ధమే. ఎవరి పేరున రాయాలో చెప్పండి సామీ.