ఈఎఫ్ఐ గడి: టీకా తాత్పర్య సహితం

అవతారిక: వర్చువల్‌బాక్స్‌లో కొత్త వర్చువల్ మెషీన్ పెట్టబోయే సాధకుడు ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని తర్జనభర్జన పడి, తక్కిన భారమంతా 'నెక్స్ట్' మీద వేసి సాగిపోతాడు. అతడి కంట పడీ పడకుండా ఒక చిన్న గడి, దాని పక్కన చాలా ఏళ్లు నిలిచిన ఈ వాక్యం.

మూలం: ఎనేబుల్ ఈఎఫ్ఐ, స్పెషల్ ఓఎస్‌లకు మాత్రమే.

ప్రతిపదార్థం: ఈఎఫ్ఐ = ఇటానియం ప్రాసెసర్ల కోసం ఇంటెల్ వారింట పుట్టి, 2005లో ఫోరం ఏర్పడ్డాక యూఈఎఫ్ఐగా చెలామణి అవుతున్న బూట్ పద్ధతిని; ఎనేబుల్ = టిక్కు పెట్టి మేలుకొలుపుము; స్పెషల్ ఓఎస్‌లకు = ఏవో కొన్ని వింత జాతులకు; మాత్రమే = నీకు కాదు నాయనా, నీ దారిన నువ్వు పో.

తాత్పర్యం: ముట్టుకోకు.

వ్యాఖ్య: రాసిన నాటికి ఇది సబబైన మాటే. అప్పట్లో ఈఎఫ్ఐ లేనిదే లేవనని భీష్మించింది మ్యాక్ వంటి ఒకటి రెండే. 2021లో విండోస్ 11 వచ్చి, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 మూడూ ఉంటేనే గడప తొక్కుతానంది. దాన్ని స్పెషల్ అనాలంటే ఎంత సాహసం కావాలి!

పాఠాంతరాలు: ప్రాక్స్‌మాక్స్ ప్రతిలో 'డిఫాల్ట్: సీబయాస్' అని ఉంది, అంటే పాత బయాస్ పద్ధతే. హైపర్-వీ ప్రతిలో ఈ పేర్లే కనబడవు. బయాస్ మెషీన్‌ను జనరేషన్ 1, యూఈఎఫ్ఐ మెషీన్‌ను జనరేషన్ 2 అంటారు. ఒకటో తరంలో పుట్టించిన మెషీన్‌ను సెట్టింగ్ మార్చి రెండో తరంలోకి తేలేం. చాలా ఏళ్లు విజార్డ్ ఒకటో తరానికే చుక్క పెట్టి ఉంచింది. విండోస్ సర్వర్ 2025 నాటికి హైపర్-వీ వాళ్లే దిద్దుకుని రెండో తరాన్ని ముందుకు జరిపారు.

పూర్వపక్షం: బయాస్‌తో హాయిగా నడుస్తోంది కదా? డిస్క్ మొదటి 512 బైట్లు చదువుతుంది, చివర 55, ఏఏ ఉన్నాయా అని చూస్తుంది, ఉంటే కళ్లు మూసుకుని అందులోకి దూకుతుంది. ఇంతకంటే సులువేముంది? పైగా క్యూఈఎంయూలో యూఈఎఫ్ఐ పెట్టిన మెషీన్లకు ఇంటర్నల్ స్నాప్‌షాట్ తీయబోతే చాలాకాలం కుదరదు పొమ్మంది.

సిద్ధాంతం: స్నాప్‌షాట్ బాధ నిజమే, ఒప్పుకుంటాం. కానీ డిఫాల్ట్ ఎవరి కోసం? తెలిసినవాడు ఎలాగూ మార్చుకుంటాడు. డిఫాల్ట్ అనేది చూడనివాడి తరఫున మనం చేసే ఎంపిక. ఆ ఎంపిక తప్పని అతడికి తెలిసేది ఓఎస్ ఎక్కించి, ఆఫీసు పనంతా అందులో పెట్టాక. అప్పుడు వెళ్లి టిక్కు పెడితే బయాస్ కాలపు ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్క్ మీది విండోస్ లేవదు. నల్లటి తెర మీద 'షెల్>' అని ఒక ప్రాంప్ట్ మిణుకుతూ నిలబడుతుంది. ఆ డిస్క్‌ను మార్చిపెట్టే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది గానీ, దాని పేరు తెలిసినవాడు మొదట్లోనే టిక్కు పెట్టి ఉండేవాడు.

శంక: మరి విండోస్ ఎక్స్‌పీ, 32-బిట్ విండోస్ 7? సమాధానం: వాటికి బయాసే గతి. ఇన్‌స్టాలర్ మొదట్లోనే మొరాయిస్తుంది కాబట్టి పోయేది పది నిమిషాలు. మెషీన్ కొట్టేసి మళ్లీ పెట్టుకోవచ్చు. అందుచేత ఈ వ్యాఖ్యాత ప్రతిపాదించే సవరించిన పాఠం: 'ఎనేబుల్ బయాస్, స్పెషల్ ఓఎస్‌లకు మాత్రమే.' ఇన్‌స్టాల్ చేయబోయే ఓఎస్ పేరు అడిగి టిక్కు తానే పడేలా చేస్తే ఇంకా మేలు.

విశేషం: యూఈఎఫ్ఐ ఏ ఫైలుతో బూట్ కావాలో ఎన్వీర్యామ్ అనే తన చెరగని మెమరీలో రాసుకుంటుంది. క్యూఈఎంయూలో అది మెషీన్‌కొకటిగా వేరే ఫైలు. డిస్క్ ఒక్కటే కాపీ చేసుకుని పరుగెత్తేవారు దాన్ని వదిలేసి వస్తారు. అప్పుడు ఫర్మ్‌వేర్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో 'ఈఎఫ్ఐ/బూట్/బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ' అనే ఫైలు ఉందా అని వెతుకుతుంది. ఉంటే మెషీన్ లేస్తుంది. లేకుంటే పైన చెప్పిన షెల్లే.