చదివి గూట్లో వేసేవాళ్ళం

మా రోజుల్లో ఉత్తరం గూట్లో పడాలంటే ముందు దాని మొహం ఎవరో ఒకరు చూడాలి. ఇప్పుడు చూడక్కర్లేదట. ధర్మవరంలో మా తమ్ముడి కొడుకు పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. వాడి జీమెయిల్‌లో ఏళ్ళ తరబడి పోగుపడిన మెయిళ్ళన్నిటికీ ఒక సాయంత్రం కాఫీ తాగుతూ లేబుళ్ళు తగిలించేశాడు. "చూడు పెదనాయనా, ఒక్క నొక్కుతో అయిపాయ" అన్నాడు. చదివినావా అని అడిగితే "యాడ చదివేది, అన్నీ అదే చూసుకుంటాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

నేను హిందూపురంలో తపాలా సార్టింగ్ చేసినవాణ్ణి. సంచి విప్పి ఉత్తరాలు బల్ల మీద కుమ్మరించాక అన్నిటి స్టాంపులూ ఒక పక్కకొచ్చేలా సర్దాలి, ముద్ర కొట్టాలి, అప్పుడు గూళ్ళ ముందు నిలబడాలి. ఎడమచేతిలో కట్ట. బొటనవేలు ఒక్కో ఉత్తరాన్నీ ముందుకు తోస్తుంటే కన్ను ఊరి పేరు మీద పడేది, కుడిచెయ్యి గూటికి పోయేది. ఏ గూటికి ఏ ఊళ్ళో కంఠతా రావాలి. కదిరి, ముదిగుబ్బ ఉత్తరాలు ధర్మవరంలో దిగి పాకాల లైను పట్టాలి. గౌరీబిదనూరువి బెంగుళూరు వైపు పోవాలి. రాత్రి బండ్లలో రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్.ఎం.ఎస్.) వాళ్ళు ఇదే పని ఊగే పెట్టెలో నిలబడి చేసేవాళ్ళు.

నవంబరు 23న సత్యసాయిబాబా పుట్టినరోజు. అది దగ్గరపడేకొద్దీ విదేశీ స్టాంపులు ఎక్కువయ్యేవి. పుట్టపర్తి అనే నాలుగక్షరాలను తెల్లవాళ్ళు ఎన్ని రకాలుగా రాసేవాళ్ళో! కొందరు ఊరి పేరే రాయరు. బాబా పేరు, ఇండియా, అంతే. అయినా ఆ ఉత్తరం బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం చేరేది. మధ్యలో చదివే మనుషులున్నారు కాబట్టి చేరేది.

అసలు కష్టం పెనుకొండది. మనది తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ. పశ్చిమగోదావరిలో వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి పెనుగొండ ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో రాసేవాళ్ళు కొందరు రెండిటికీ ఒకే స్పెల్లింగు రాస్తారు. జిల్లా పేరు లేకపోతే వీధి పేరు చూడాలి, పంపినవాళ్ళ అడ్రసు చూడాలి, పోస్టుమాన్‌ని పిలిచి "ఈ పేరుగలాయన ఈ పక్క ఉన్నాడా?" అని అడగాలి. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చాక ఆ తంటా చాలా తగ్గింది. అది శ్రీరాం భికాజీ వేలంకర్ అనే అధికారి ఆలోచన. ఆయన సంస్కృత కవి కూడాను. 515110 అంటే మన పెనుకొండ, 534తో మొదలైతే గోదావరి వైపు. ఆ ఆరంకెలను నేను నెత్తిన పెట్టుకున్నాను. కొత్తదేదొచ్చినా ముసలివాళ్ళకు పడదు అనేవాళ్ళు నాతో ఆ మాట అనొద్దు.

జీమెయిల్ 2004లో వచ్చినప్పుడు ఫోల్డర్ల బదులు లేబుళ్ళు పెట్టింది. మంచి ఊహే. ఉత్తరం ఒక్క గూట్లోనే పడుతుంది. మెయిల్‌కు ఆర్డర్లు, జీఎస్టీ, ఫిర్యాదులు, మూడూ తగిలించొచ్చు. వెతికే చోట ఒక మాట కొట్టి, దాన్ని ఫిల్టర్ చేసి, పాత మెయిళ్ళకూ వర్తించాలని టిక్కు పెడితే వేలకు వేలు ఒకేసారి అయిపోతాయి. నా కోపం ఆ టిక్కు మీద కాదు, మావాడు కొట్టిన మాట మీద.

పెనుకొండ వాళ్ళు ఊరి పేరు రెండు విధాలా రాస్తారు కదా అని వాడు రెండు స్పెల్లింగులూ పెట్టి, ‘లోకల్’ అని లేబుల్ తగిలించి, ఇన్‌బాక్స్‌లో కనబడకుండా దాటించాడు. గోదావరి పెనుగొండ నుంచి ఒకావిడ పెళ్ళిచీర అంచు రంగు దిగిందని రాసిన మెయిల్ ఆ లోకల్ కిందికి పోయి పడింది. ఇంకో ఫిల్టర్‌కు ‘ధర్మవరం’ అని పెట్టినాడు. ఆ మాటతో ఊరూ వస్తుంది, చీరా వస్తుంది, ధర్మవరం ఇంటిపేరున్నవాళ్ళూ వస్తారు. ఎవరేమిటో దానికేం తెలుసు? మాట కలిస్తే తగిలిస్తుంది, కలవకపోతే వదిలేస్తుంది. అనుమానం అనేది దానికి రాదు.

మాకు వచ్చేది. ఎటూ తేలని ఉత్తరాన్ని ఏదో ఒక గూట్లోకి తోసేవాళ్ళం కాదు. పక్కన పెట్టి, అనుభవమున్న పెద్దాయనకు చూపించేవాళ్ళం. ఆయనకూ తేలకపోతే అది రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు(ఆర్.ఎల్.ఓ.)కి పోయేది. అక్కడ విప్పి చూసే అధికారం ఉన్నవాళ్ళు లోపలేమైనా అడ్రసు ఉందేమోనని వెదికేవాళ్ళు. కట్ట కట్టాక పైన చెక్ స్లిప్పు పెట్టేవాళ్ళం. దాని మీద ఆఫీసు తేదీ ముద్ర, సార్టింగ్ చేసినవాడి పేరు. కట్టలో తప్పు ఉత్తరం దొరికితే అవతలి ఆఫీసువాళ్ళు ఆ స్లిప్పు పట్టుకుని రాసేవాళ్ళు, మనం సంజాయిషీ ఇచ్చుకోవాలి. దారి తప్పిన ఉత్తరం మీద ‘మిస్సెంట్’ అని ముద్ర పడేది, అందుకున్నవాళ్ళకు ఆలస్యం ఎందుకైందో తెలిసేది. మెయిల్‌కు తప్పు లేబుల్ పడితే ఏ ముద్రా లేదు, ఎవరి పేరూ లేదు. ఆ పెనుగొండావిడ తన మాట ఎవరికీ పట్టలేదనే అనుకుని ఉంటుంది.

వాడికి మూడు మాటలు చెప్పినాను. ఊరి పేరుతో కాదు, పిన్ కోడ్‌తో ఫిల్టర్ పెట్టు, ఆర్డరులో అడ్రసు ఎట్లాగూ ఉంటుంది. టిక్కు పెట్టేముందు వెతుకులాటలో వచ్చినవాటిని ఒక పేజీ అయినా పైనించి కిందికి చదువు. ఫిర్యాదులను మాత్రం ఇన్‌బాక్స్ దాటించొద్దు, రోజూ ఒకసారి నీ కళ్ళతో చూడు. మొదటిదీ మూడోదీ ఒప్పుకున్నాడు. చదవడానికి మాత్రం "టైం యాడుంది పెదనాయనా" అంటాడు. టైం ఎట్లా లేదు? వేల మెయిళ్ళ పని నిమిషంలో అయిపాయ కదా, మిగిలిన గంటలు యాడికి పోయినట్టు? ఆవిడకు జవాబు ఇంకా పోలేదు. ఆదివారం నేనే ధర్మవరం పోయి పక్కన కూర్చుని రాయిస్తాను.