మడత విప్పని కాగితం

నన్ను చూసే ఉంటారు, చదివి మాత్రం ఉండరు. పురుగుమందు పెట్టె తెరవగానే పొట్లం పక్కన ఇరుక్కుని కనబడే పల్చటి కాగితాన్ని నేను. ఎనిమిది మడతలు, చీమ తలంత అక్షరాలు. ఎవరో దయతలచి నన్ను పెట్టెలో పెట్టలేదు, చట్టం పెట్టించింది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. తర్వాత పదేళ్లకు, 1968లో, పురుగుమందుల చట్టం వచ్చింది. 1971లో నిబంధనలు వచ్చాయి. పొట్లం మీది రంగు త్రికోణం, లోపలి నేను, ఇద్దరం ఆ నిబంధనల బిడ్డలమే.

త్రికోణానిది అన్న హోదా. చదువు రానివాళ్లకూ ఎరుపంటే ఏమిటో, ఆకుపచ్చంటే ఏమిటో తెలుసు. మా పొట్లంలోది థయామిథాక్సామ్ 25 శాతం, అన్న రంగు నీలం. ఆ రంగును తేల్చింది ఎలుకలు. సగం ఎలుకలు చావడానికి కిలో బరువుకు 501 నుంచి 5000 మిల్లీగ్రాముల మందు పడితే నీలం. మనిషి ప్రాణం కోసం పెట్టిన కొలత, తప్పు పట్టను. కానీ తేనెటీగ ఎలుక కాదుగా! సుమారు 5 నానోగ్రాములు కడుపులోకి పోతే చాలు, తిన్నవాటిలో సగం చస్తాయి. గ్రామును వంద కోట్ల ముక్కలు చేసి అందులో ఐదు తీయండి, అంత. ఆ సంగతి అన్న ఒంటిమీద ఎక్కడా లేదు. నాలుగో మడతలో నా దగ్గరుంది, ఒకే ఒక్క వరుస: తేనెటీగలకు విషం, అవి తిరిగే వేళ చల్లరాదు.

నూజివీడు దగ్గర ఒక మామిడి తోటలో నా మడతలు మొదటిసారి గాలికి విచ్చుకున్నాయి. పూత విరగబూసి ఉంది. పొద్దున పది దాటింది. తోట గుత్తకు తీసుకున్న పెద్దాయనకు తేనెమంచు పురుగు భయం. పెట్టె చింపి, నన్ను కింద పడేసి, మందు డ్రమ్ములో కలిపించాడు.

"పూత విచ్చాక కొట్టకూడదంటారు కదా బాబాయ్?" అన్నాడు స్ప్రే గన్ను పట్టుకున్న కుర్రాడు.

"నీలం రంగేగదరా, ఏం కాదులే. కానియ్."

నేను వాళ్ల కాళ్ల దగ్గరే ఉన్నాను, నాలుగో మడత పైకే ఉంది. మధ్యాహ్నానికి నా మీద ఈగలు రాలాయి. తేనెటీగలే కాదు, మామూలు ఈగలూ. మామిడి పూతకు పెద్ద కూలీ ఆ ఈగే అని చాలామందికి తెలియదు. కాళ్లు పైకెత్తి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయాయి.

సాయంత్రం కొడితే బతికేవేమో అంటారు. కొంత నిజమే. కానీ ఈ మందును చెట్టు తాగుతుంది. రసంతోపాటు పుప్పొడిలోకి, మకరందంలోకి పోతుంది. యూరప్ 2013లో ఈ జాతి మందులు మూడింటికి కొంత అడ్డుకట్ట వేసింది, 2018లో ఆరుబయట వాడకాన్నే ఆపేసింది, గాజు ఇళ్లలో మాత్రం వదిలింది. అమెరికా అంత దూరం పోలేదు గానీ 2013లో ఈ మందుల చీటీల మీద తేనెటీగ బొమ్మ వేయించింది. బొమ్మకు అక్షరాలు రానక్కర్లేదు. అలాంటిది అన్న పక్కన ఒకటి ఉంటే ఆ కుర్రాడు ఇంకోసారి గట్టిగా అడిగేవాడు. నాలాంటి కాగితం మీద భారమంతా వేయడం నియంత్రణ కాదు, చేతులు దులుపుకోవడం.

మర్నాడు మోటారు షెడ్డు కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంటే నన్ను మళ్లీ మడిచి సందులో దూర్చారు. ఇప్పుడక్కడే ఉన్నాను. మిగిలిన మందుకు రబ్బరు బ్యాండు వేసి పక్క గూట్లో పెట్టారు. పక్క తోట ఇంకా పూత మీదుంది.