ఆత్రగాడికి అరకొర గేమ్!

కొత్త వీడియోగేమ్ విడుదల రోజే కొనాలా, అన్ని హంగులూ చేరిన కంప్లీట్ ఎడిషన్ వచ్చేదాకా ఆగాలా? కుర్రకారుకిది పెద్ద ధర్మసందేహం. 2020 డిసెంబరు 10న ఆర్భాటంగా దిగిన ‘సైబర్‌పంక్ 2077’ పాత ప్లేస్టేషన్లలో అడుగడుగునా మొరాయించింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచే ఎత్తేసి, డబ్బులు వాపసిస్తానంది. మరమ్మతులన్నీ చేసి, ‘ఫాంటమ్ లిబర్టీ’ అనే అదనపు కథ కలిపి ‘అల్టిమేట్ ఎడిషన్’ తెచ్చేసరికి 2023 డిసెంబరు అయింది. అంటే, ముందు కొన్నవాడు ఎదురు డబ్బిచ్చి తప్పులు ఏరిపెట్టిన కూలీ. ఆగినవాడు ఆసామి!

ఈ లెక్క వింటే విజయనగరం తాత నవ్వడూ? ‘‘ఏటిరా గుంటడా, మూడేళ్లకే పూర్తయిపోనాదా! మన భోగాపురం ఎయిర్‌పోర్టు సూడు. 2019 ఫిబ్రవరిలో ఓ ముఖ్యమంత్రి శంకుస్థాపన, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన. ఇమానం కంటే ముందు శిలాఫలకాలే రెండుసార్లు దిగాయి’’ అంటాడు.

శ్రీకాకుళం వాళ్ల ఓపిక ఇంకా గొప్పది. వంశధార మీద నేరడి బ్యారేజీకి 2017లోనే ట్రైబ్యునల్ సరేనంది. తెర మీద మాత్రం ఇంకా ‘లోడింగ్...’ తిరుగుతూనే ఉంది.

కాబట్టి బాబులూ, గేమ్ దగ్గర తొందరపడినా కొంప మునగదు. నచ్చకపోతే డబ్బులు వాపసు అడగొచ్చు. ఓటుకా సదుపాయం ఐదేళ్లకోసారే!